మండువాలోని బూర

మనుష్యులకు గల వ్యసనములలో పెక్కులు దాచుకొనుటకు వీలగునవి. ముక్కుపొడుము రొంటిని దాగును. పేకముక్కలు దిండుక్రింద నిముడును. నాకు బట్టిన వ్యసనము మాత్రము మూడున్నర యడుగుల యెత్తును, రెండున్నర యడుగుల వెడల్పును, రెండడుగులకు మించిన లోతును గలిగి, మా యింటి మండువాలో గోడకు వీపు చేర్చి, వచ్చినవారి నెల్లరను నోరు తెఱచి చూచుచుండును. అది సినిమాహాళ్లలో తెరవెనుక నుండెడి పాతకాలపు లౌడుస్పీకరు. పైభాగమున లోహపు బూర, క్రిందిభాగమున వంపు తిరిగిన చెక్కబూర. ఇట్టివి మా యింట రెండు కలవనిన, నా భార్య సహనమును గూర్చి చదువరులు తామే యొక యభిప్రాయమునకు రాగలరు.

మాది రాజమహేంద్రవరము. మా యూరికిని సినిమాకును గల సంబంధము నేటిది కాదు. తెలుగున తొలి టాకీ యగు 'భక్తప్రహ్లాద' 1932వ సంవత్సరమున వెలువడగా, నాలుగేండ్లు తిరుగునంతలో, 1936లో, నిడమర్తి సూరయ్యగారు మా యూర దుర్గా సినీటోన్ అను స్టూడియోను స్థాపించిరి. స్టూడియో నిలువలేదు గాని సినిమా చూచు నలవాటు మాత్రము గోదావరి రెండు గట్టులను నిలిచినది. చిన్నచిన్న పట్టణములలో సహితము హాళ్లు వెలసెను. ఆ హాళ్లలో జనులు వేలకొలది మాటలును పాటలును విన్నది యీ పెట్టెల నోటనే. అయినను వానిని జూచినవారు లేరు. తెరమీద పెదవులు కదల్చినది యొకరు, తెరవెనుక గది చీకటిలో మాటాడినది మఱియొకరు. చిన్ననాటినుండి నాకు ముందున్న బొమ్మకంటె వెనుకనున్న దానిపైనే మక్కువ.

కోనసీమ కొబ్బరితోటల నడుమ నొక పట్టణమున నట్టి హాలొకటి మూతపడి కల్యాణమండపముగా మాఱినది. దాని వెనుకనున్న కొట్టులో, విఱిగిన కుర్చీల క్రింద, ఈ రెండు పెట్టెలును బడియుండెను. ఎలుకలు వానిలో కాపురము పెట్టి, లోపలి కాగితపు శంకువులను తమ పిల్లలకు పఱుపులుగా జేసికొన్నవి. వంటచెఱకు క్రింద తూకమున కొనుటకు ఒకాయన బేరము కుదుర్చుకొని పోయెనని తెలిసి, నే నింకొక వేయి రూపాయలు పై చేసి కొంటిని. చేసినవారి పేరు గల రేకు ఊడిపోయి, మేకుల రంధ్రములు నాలుగు మాత్రము మిగిలినవి. చెక్కపని మన దేశపు వడ్రంగిది. రూపము మాత్రము అమెరికా దేశపు అల్టెక్ లాన్సింగ్ సంస్థవారు 1945లో వెలువరించిన 'వాయిస్ ఆఫ్ ది థియేటర్' అను వరుసలోని చిన్న పెట్టెది. ఎవరో మేస్త్రి యెక్కడనో యొకదానిని జూచి కొలతలు గీసికొని చేసియుండును. ఆ సంస్థ పేరులోని లాన్సింగు అను నాతడు 1946లో వారినుండి విడిపోయి తన పేర వేఱొక సంస్థ నెలకొల్పి, వ్యాపారపు చిక్కులలో బడి 1949లో తన ప్రాణము తానే తీసికొనెను. జె. బి. ఎల్. అను నాతని పేరులోని పొడియక్షరములు నేడు మన పిల్లల భుజపు సంచులలో నుండు చిన్నచిన్న స్పీకర్లమీద నున్నవి.

ట్రాలీ ఆటోమీద పెట్టెలు వచ్చినదినమున వీధి తలుపు చాలకపోయెను. మా తాతగారి నాటి టేకు తలుపులను బందులనుండి యూడదీసినగాని మొదటి పెట్టె గడప దాటలేదు. నలుగురు మనుష్యులు మూలుగుచు దానిని లోనికి దెచ్చుచుండగా నా భార్య వంటింటి గుమ్మమున నిలిచి, "ఏవండీ, కొత్తకోడలు గడప తొక్కుతోంది. హారతి పళ్లెం తెమ్మంటారా?" అని యడిగెను. అందఱును నవ్విరి. నేనును నవ్వితిని. ఆ నవ్వులో నున్న ప్రశ్న నాకు ఎనిమిది నెలల పిదపగాని యర్థము కాలేదు.

బూర యేమి చేయునో చెప్పవలెను. మా డెల్టావారికి దీనిని తెలుపుట సులభము. 1847 మొదలు 1852 వఱకు కాటనుదొరగారు ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించిన పిమ్మట కాలువలు పొలములకు నీరును, పడవలకు త్రోవయు నైనవి. మెరకనున్న నీటినుండి పల్లపు నీటికి పడవ దిగవలెనన్న లాకు కావలెను. లాకు లేనిచోట పడవ తలక్రిందులగును. ధ్వనికి సైత మిట్టి చిక్కే కలదు. స్పీకరులో కదలెడి పొర బరువైనది. గదిలోని గాలి తేలికైనది. పొర ముందునకు నెట్టినపుడు గాలి ప్రక్కలకు జాఱిపోవును. అందుచే సామాన్యమైన స్పీకరుకు మన మిచ్చు విద్యుచ్ఛక్తిలో నూటికి ఒకటి రెండు పాళ్లు మాత్రమే ధ్వనియై, తక్కినదంతయు వేడియై పోవును. బూరయొక్క సన్నని గొంతుకలో గాలి తప్పించుకొనుటకు చోటు లేదు. అది యచట బిగువుగా నెట్టబడి, మెలమెల్లగా వెడల్పగు త్రోవన నడచి, విశాలమైన నోటి కడకు వచ్చునప్పటికి గదిలోని గాలితో సమమగును. మంచి బూర నూటికి ఇరువది ముప్పది పాళ్లు ధ్వనిగా మార్చగలదు. 1926 ప్రాంతమున మాటాడు చిత్రములు పుట్టినపుడు వాల్వుల యంత్రము లిచ్చు శక్తి కొలది వాట్లు మాత్రమే. ఆ కొలది శక్తితో వేయిమంది కూర్చున్న హాలు నింపవలెను. బూర లేక యది సాధ్యము కాకుండెను.

అంత పెద్దదిగా నేల యుండవలెనని నా మిత్రులడుగుదురు. మృదంగపు తొప్పివంటి మందరనాదము క్షణమునకు నలువది మాఱులు గాలిని కదపుననుకొందము. ధ్వని క్షణమునకు సుమారు 340 మీటర్లు నడచును గనుక ఆ యల నిడివి యెనిమిదిన్నర మీటర్లు, అనగా నిరువదియెనిమిది యడుగులు. అట్టి యలను జక్కగా విడువవలెనన్న బూర నోటి చుట్టుకొలత కూడ నంతకు దగ్గఱగా నుండవలెను. తొమ్మిదడుగుల నోరు గలదానిని ఇంటిలో నెవరుంచుకొందురు? అమెరికాలో పాల్ క్లిప్ష్ అనునాయన 1940 నాటి దశకమున దీనికొక యుపాయము కనిపెట్టెను. బూరను మడతలు పెట్టి గది మూలకు జేర్చెను. మూలగోడలే బూరకు కొనసాగింపులై పనిచేసెను. ఇంటిని బూరగా జేసినవాడని యాతని నేను తరచు మెచ్చుకొనుచుండెడివాడను. నా యింటికి నేను చేసినదియు నదియే యని యప్పటికి దోచలేదు.

ఇవి యేల పోయినవన్నచో, శక్తి చౌకయై చోటు ప్రియమగుటచేత. బూర యక్కఱలేని కాగితపు శంకువు స్పీకరును రైసు, కెల్లాగు అను నిరువురు 1925లోనే వెల్లడించిరి. 1954లో ఎడ్గర్ విల్‌చూర్ అనునాతడు మూతబిగించిన చిన్న పెట్టెలోనుండియే మందరము రప్పించు విధము చూపెను. దానికి శక్తి మిక్కిలి కావలెను. అటుపిమ్మట ట్రాన్సిస్టర్లు వచ్చి యా శక్తిని కారుచౌకగా నిచ్చినవి. పెద్ద బూరలు చేయుట చాల సంస్థలు మానుకొన్నవి. పాత హాళ్లనుండి యవి కొన్ని జపాను దేశపు రసికుల యిండ్లకు జేరినవి. కొన్ని యెలుకల పాలైనవి.

పెట్టెలకు కొత్త శంకువులు వేయించి, తీగచుట్టలు మరల చుట్టించుటకు మా యూరి రేడియో మేస్త్రికి మూడు నెలలు పట్టినది. మొదటి రాత్రి పాట పెట్టినపుడు నాకు గలిగిన యనుభవమును తగ్గించి చెప్పుటకు ప్రయత్నింతును. సామాన్యపు స్పీకరులో పాట వినబడును. దీనిలో పాడుమనిషి కనబడును. పల్లవి యెత్తుకొనుటకు ముందు గొంతు సవరించుకొనుట, చరణము నడుమ నూపిరి పీల్చుట, పెదవులు తడియై విడివడుట, ఇవన్నియు నాఱడుగుల దూరమున నెదుట నిలిచినవి. ధ్వనిని మిక్కిలి తగ్గించినను ప్రాణము తగ్గలేదు. లోపములు లేవని యనను. ముక్కుతో మాటాడినట్లుండు నొక జీర యీ జాతి బూరలకు సహజము. ఘనమైన మందరము హాలులో దోచినంత యింటిలో దోచదు. రాళ్లు దొరలినట్టి నేటి సినిమా మ్రోతలకివి పనికిరావు. మనుష్యకంఠమునకు మాత్రము వీనిని మించినది నేను విని యెఱుగను.

ఆదివారము లుదయమున మిత్రులు రాజొచ్చిరి. అందఱును చదువుకొన్నవారు, సంస్కారవంతులు, సభలలో స్త్రీస్వాతంత్ర్యమును గూర్చి మాటాడగలవారు. మండువాలో కుర్చీలు వేసికొని, కన్నులు మూసికొని, గాయనియొక్క నిశ్వాసమునకు "ఆహా" యనుచుందురు. కాఫీగ్లాసులు వచ్చుచుండును, ఖాళీవి పోవుచుండును. తెచ్చినచేయి యెవరిదో కన్ను తెఱచి చూచినవాడు మాలో నొక్కడును లేడు. ఈ వాక్యము వ్రాయునపుడు నాకు సిగ్గగుచున్నది; అప్పుడు కాలేదు.

ఒక ఆదివారము నా భార్య మిత్రులందఱు వెళ్లిన పిమ్మట నెదుటికి వచ్చి, "ఆ పెట్టెలో ఎవరో ఊపిరి పీల్చుకుంటే మీకు వినబడుతుంది. నేను వంటింట్లోంచి నాలుగుసార్లు పిలిచాను. పాలమ్మాయి వచ్చి వెళ్లిపోయింది" అనెను. నేను క్షమాపణ చెప్పబోగా నామె యాపి, "అది కాదండీ. నా కుర్చీ ఏదీ?" అని యడిగెను.

ఆ ప్రశ్న నాకు వెంటనే తెలియలేదు. పిదప జ్ఞప్తికి వచ్చినది. మండువా పైకప్పు లేని నడిమిచోటు ప్రక్కన, తూర్పు వెలుతురు పడుతావున, నామె పడకకుర్చీ యొకటి యిరువదియేండ్లుగా నుండెను. వంట ముగించుకొని పదునొకండు గంటలవేళ పత్రికయో, గ్రంథాలయమునుండి తెచ్చిన నవలయో చేతబట్టుకొని యామె యచట గూర్చుండెడిది. ఇంటనామెకు దనదని చెప్పుకొనదగిన చోటు అదియొక్కటియే. కుడిప్రక్క పెట్టె నిప్పుడున్నది సరిగా నచ్చటనే. ధ్వని చక్కగా వచ్చుచోటు వెదకి, కొలతబద్ద పట్టి, సుద్దతో గీత గీసి, నేనే పెట్టించితిని. కుర్చీ దొడ్డి వసారాలో, గోనెసంచుల సరసన, ఎనిమిది నెలలుగా మడచియున్నది. ఆమె యెనిమిది నెలలుగా వంటింటి పీటమీద, గోడకు జేరగిలబడి చదువుకొనుచున్నదట. నేను చూడలేదు. ఊపిరి వినగలిగినవాడను!

బజారులో మ్రోగు బూరలపై మనమందఱము కోపించుట కలదు. తెల్లవాఱకుండ గుడిమీది మైకు, ఎన్నికలవేళ బండిమీది మైకు. రాత్రి పది మొదలు ఉదయమారువఱకు లౌడుస్పీకర్లు మ్రోయరాదని 2000వ సంవత్సరపు నిబంధనలు చెప్పుచున్నవి; ఆ నిబంధనను చూపి వీధివారితో నేను వాదులాడితిని. ఇంటిలోపలి చోటును కాజేసిన బూరకు నిబంధన యేదియు లేదు.

ఈ సంగతి జరిగిన పక్షమునకు మా మేనత్త వచ్చి పదిదినము లున్నది. ఆమెకు తొంబదేండ్లు, చెవి కొంత తగ్గినది గాని జ్ఞాపకము తగ్గలేదు. పెట్టెలను జూచి యామె తొలిమాటగా, "మా నాన్నగారి బూర ఇత్తడిది. ఇంత లావు లేదు గాని, అదీ ఇక్కడే ఉండేది" అనెను. మా తాతగారికి గ్రామఫోను కలదని వినియుంటిని; ప్లేట్లు కొన్ని నా యొద్దనే యున్నవి. మగవారు మండువాలో కూర్చుండి వినుచుండగా ఆడవారు వంటింటి తలుపువెనుక నిలిచి వినెడివారట. తలుపు తీసియుంచుట కూడ తప్పే, ఓరగా వేసియుంచవలెను.

పిమ్మట నామె చెప్పినది నేనెన్నడును విననిది. మా తాతగారికి వీరేశలింగము పంతులుగారియందు మిక్కిలి భక్తి. పంతులుగారు బోగముమేళములను ఖండించిన వ్రాతలు చదివి, తన యింట నెవరి పెండ్లికిని మేళము పెట్టింపనని శపథము చేసి నిలుపుకొన్నవాడు. అది మంచిపనియే యని నేటికిని నా నమ్మకము. పిల్లలను గుడి కర్పించి వారి బ్రదుకులను ధనికుల ముంగిట పాఱవైచు నాచారము పోవలసినదే. 1947లో మద్రాసు ప్రభుత్వము చట్టము చేసి దానిని నిషేధించుట న్యాయమే. ఐనను ఆ స్త్రీల పాట మా తాతగారికి బ్రాణము. బూర వచ్చుటచే నాయనకు సౌకర్యము కలిగినది. గొంతు లోనికి వచ్చును; మనిషి రానక్కఱలేదు. శపథము చెడదు, వినికిడియు చెడదు.

"నాకప్పుడు ఏడో ఎనిమిదో ఏళ్లురా అబ్బాయి," అని మా మేనత్త చెప్పెను. "ఒక సాయంత్రం ఒకావిడ వచ్చింది. పెద్దదే, జుట్టు సగం నెరిసింది. తను చిన్నప్పుడు మద్రాసు వెళ్లి పాడిన ప్లేటు నాన్నగారి దగ్గరుందని ఎవరో చెప్పారట. తన దగ్గర యంత్రం లేదు, ప్లేటూ లేదు. ఒక్కసారి విని పోతానంది."

మా తాతగారు నిర్దయుడు కాడు. కాదనలేదు. ఆమెను వీధి యరుగుమీద గూర్చుండ బెట్టించి, గ్రామఫోనును గుమ్మము దాపునకు జరిపించి, బూరను వీధివైపు త్రిప్పించెను. ప్లేటు మూడు నిమిషములు తిరిగెను. ఆమె తలవంచుకొని వినెను. తన పడుచుతనపు గొంతు ఆ యింటి మండువాలోనుండి బయటికి వచ్చుచుండగా, తాను బయట గూర్చుండెను. "నేనే మంచినీళ్లు తీసుకెళ్లాను. పైనుంచి పొయ్యమన్నారు. దోసిలి పట్టి తాగింది. మళ్లీ ఒకసారి వేస్తారా అని అడుగుదామనుకుని ఊరుకుందిరా. ఆ ముఖం చూస్తే తెలిసింది నాకు."

ఆమె పేరేమని యడిగితిని. మేనత్త కన్నులు మూసికొని చాలసేపు వెదకి, తల యూపెను.

సంస్కరణపక్షమువారమైన మన చరిత్రలో నిట్టి యరుగులు కొన్ని కలవు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మగారు ముద్దుపళని రచించిన 'రాధికాసాంత్వనము'ను సంపూర్ణముగా నచ్చు వేయింపగా, దానిని నీతిబాహ్యమని దూషించినవారిలో మన పెద్దలు ముందుండిరి. ప్రభుత్వము గ్రంథమును నిషేధించెను. 1947లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గకాలమున గాని యది విడుదల కాలేదు. ఆ నాగరత్నమ్మగారే తిరువైయాఱున త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించినది. గానమును స్వీకరించి గాయనిని వీధిలో నుంచుట యొక మేనత్త కథ మాత్రమే కాదు. ఆచారమును తొలగించునపుడు ఆచారమునకు బలియైన మనిషికి లోపల పీట వేయవలెనను తలపు మనవారిలో చాలమందికి రాలేదు. ముమ్మిడివరము, బల్లిపాడు మొదలగు మా డెల్టా గ్రామములలో నా కుటుంబముల వృద్ధస్త్రీలు మూసిన తలుపుల వెనుక, తమలో తాము, పాత పదములు పాడుకొనుచు వానిని నిలిపిరి.

మఱునాడు కూలివాండ్రను బిలిపించి కుడిపెట్టెను దక్షిణపు గోడకు జరిపించితిని. ధ్వని కొంత చెడినది. ఒక ప్రక్కకు వాలినట్లుండును. ఉండనిండు. పడకకుర్చీ దులిపి, కొత్తబట్ట వేయించి, దాని చోట దానిని వేసితిని. నా భార్య యేమియు ననలేదు. పదునొకండు గంటలకు వచ్చి కూర్చుండి పత్రిక విప్పెను.

సాయంకాలము తాతగారి ప్లేట్లు దించితిని. పదునాలుగు కలవు. అందొకదానిపై నడిమి కాగితము పూర్తిగా చెఱిగి, ఎఱ్ఱని మచ్చ మాత్రము మిగిలినది. మేనత్త దానినే వేలితో చూపెను. డెబ్బదియెనిమిది చుట్ల ప్లేటులకు దగిన లావు సూదిని బిగించి పెట్టితిని. 1925కు ముందు ప్లేట్లకు పాట పట్టుటలో మైకులు వాడుకలో లేవు. పాడువారు యంత్రపు బూరలోనికి నోరు పెట్టి పాడవలెను. ఆ బూరలో బడిన గొంతు ఈ బూరలోనుండి వచ్చుటకు నూఱేండ్లు దాటినవి. మొదట నూనెలో ఆవాలు చిటపటలాడినట్టి చప్పుడు. దాని వెనుక సన్నని, బిగువైన, భయము తెలియని గొంతు. పదునెనిమిదేండ్లుండునేమో. నా భార్య పత్రిక మడచి ప్రక్కన బెట్టెను. మేనత్తను మండువా నడుమ, బూరలకు సరిగా నెదుట, నా కుర్చీలో గూర్చుండ బెట్టితిమి. ఆమె యా పాటను తలుపువెనుకనుండి గాక వినుట అదియే మొదటిమాఱు.

ఆ కాలపు ప్లేట్లలో పాట ముగియగానే పాడినవారు తమ పేరు తామే చెప్పుకొను వాడుక యుండెడిది. ప్లేట్లు దూరదేశములలో తయారగుచుండుటచే నెవరి పాట యెవరిదో తెలియుట కది యొక గుర్తు. ఈ ప్లేటు చివరను పాట యాగి, ఒక యూపిరి పీల్చిన చప్పుడు, వెంటనే తొందరగా నొక మాట. సరిగా నచ్చోటనే లోతైన గీత పడియున్నది. మొదటి యక్షరములు 'టక్'మని తెగి, "...రత్నం" అని మాత్రము వినబడును. రత్నమను పేరు గలవారు వారిలో నెందఱో.

సూది బరువు మార్చితిని. వేగము తగ్గించితిని. పై బూరను మాత్రముంచి క్రిందిదాని నాపితిని. ఏడుమాఱులు పెట్టితిమి. నా భార్య "మాణిక్యరత్నమా?" యనెను, నాకు "వెంకటరత్న" మని తోచినది. మేనత్త చెవికి చేయి యడ్డముంచుకొని బూరవైపు వంగి, మా యిరువురి మాటయు నొప్పుకొనలేదు.

"కాదు. ఇంకోటి. మళ్లీ వెయ్యి" అనెను.